ముక్కలు, బొంతలు, సంఘము: అమీర్‌పేట, పంజాగుట్టల నుండి ఒక చారిత్రక పరిశీలన

అమీర్‌పేట అనగానే నేటి వేదాంత విద్యార్థికి మైత్రీవనం చుట్టూ ఉన్న కంప్యూటర్ శిక్షణా కేంద్రాలు, హాస్టళ్ల బోర్డులు గుర్తుకు వస్తాయి. ఆ బోర్డుల క్రింద, సందుల్లో, వాటికంటే పాతదైన మరొక వృత్తి సాగుతూ ఉంది. మ్యాచింగ్ సెంటర్లు, కట్ పీసుల దుకాణాలు, ఫాల్, పీకో కుట్టేవారు, జాకెట్ల దర్జీలు ఇక్కడ పక్కపక్కనే ఉంటారు. ప్రతి దర్జీ బల్ల క్రింద ఒక గోనెసంచి ఉంటుంది. కత్తెర నుండి రాలిన ముక్కలన్నీ అందులోనికి పోతాయి. చంకముక్క, మెడ గుండ్రం, చేతుల దగ్గర మిగిలిన పట్టీ, అస్తరు గుడ్డ అంచులు అన్నీ అందులోనే. సంచి నిండితే కొంత మెకానిక్ షాపులకు తుడుపుగుడ్డగా వెళుతుంది, కొంత దిండ్లలో దూదికి బదులుగా కూరబడుతుంది, మిగిలినది చెత్తబండి ఎక్కుతుంది. పెద్ద దుస్తుల పరిశ్రమలో కత్తిరింపు దగ్గరే సుమారు 15 శాతం గుడ్డ మిగులుతుందని సాధారణంగా చెబుతారు. చిన్న దర్జీకి ఈ లెక్క లేదు, ఆయనకు సంచి నిండిందా లేదా అన్నదే లెక్క.

అమీర్‌పేట నుండి పంజాగుట్ట మెట్రోలో ఒకే స్టేషను దూరం. అక్కడ నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, అంటే నిమ్స్ ఉంది. 1960లలో ఎముకల ఆసుపత్రిగా మొదలై 1980లలో నేటి పేరును, హోదాను పొందిన ఈ సంస్థకు రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల నుండి రోగులు వస్తారు. రోగికి మంచం దొరుకుతుంది. రోగితో వచ్చిన తల్లికి, భర్తకు, కొడుకుకు మంచం ఉండదు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల దగ్గర వరండాలలో, చెట్ల క్రింద, కాలిబాట మీద ఒక ప్లాస్టిక్ సంచి తలక్రింద పెట్టుకొని నిద్రించే సహాయకులను చూడని సంఘకాపరి ఉండడు. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులు కొన్నిసార్లు 10 డిగ్రీల కంటే దిగువకు వెళతాయి.

ఒక చోట గుడ్డ మిగులుతుంది, మరొక చోట గుడ్డ కావాలి. ఈ రెంటినీ సూదితో కలిపే పనికి క్రైస్తవ సంఘములో సుదీర్ఘమైన చరిత్ర ఉంది. మన సంఘ చరిత్ర గ్రంథాలు దానిని దాదాపు పట్టించుకోలేదు. ఆ చరిత్రను ఈ వ్యాసంలో కొంత పరిశీలిద్దాం. అది పూర్తిగా గర్వించదగిన చరిత్ర కాదని ముందే చెప్పుట న్యాయం.

యొప్పే నుండి

ఈ విషయంపై ప్రసంగించేవారందరూ అపొస్తలుల కార్యములు 9:36-42 దగ్గర మొదలుపెడతారు. దొర్కా అనబడిన తబితా గురించి లూకా వాడిన 'మథీత్రియా', అంటే శిష్యురాలు అనే గ్రీకు పదం క్రొత్త నిబంధనలో ఇక్కడ మాత్రమే కనిపిస్తుంది. పేతురుకు విధవరాండ్రు చూపించినవి ఆమె చేసిన ప్రసంగాలు కావు, ఆమె కుట్టిన వస్త్రాలు. వారితో ఉన్నప్పుడు ఆమె చేస్తూ వచ్చిన పనిని చెప్పే క్రియ గ్రీకులో అసంపూర్ణ భూతకాలంలో ఉంది. అది ఒకనాటి దానం కాదు, దినదిన అలవాటు. ఆమె వాడినది క్రొత్త గుడ్డో మిగిలిన గుడ్డో లూకా చెప్పలేదు గనుక మనమూ చెప్పరాదు. ఆమెను మిగులు ముక్కల పరిచర్యకు స్థాపకురాలిగా చూపే ప్రసంగాలు వాక్యభాగాన్ని కొంచెం సాగదీస్తున్నాయి.

ముక్కలకూ పాతగుడ్డలకూ నిజంగా సంబంధించిన వాక్యభాగం యిర్మీయా 38లో ఉంది. బురద గోతిలో దిగబడిన ప్రవక్తను పైకి లాగుటకు కూషీయుడైన ఎబెద్మెలెకు రాజు ఖజానా క్రింది గది నుండి చిరిగిన పాతగుడ్డలు తెచ్చి, త్రాళ్లు ఒరుసుకోకుండా వాటిని చంకల క్రింద పెట్టుకొమ్మని చెప్పాడు. రాజగృహంలో ఎవరికీ పనికిరాని గుడ్డ ఒక ప్రవక్త చర్మాన్ని కాపాడింది. ఇక్కడ ఎబెద్మెలెకు పాతగుడ్డను ఇచ్చి ఊరుకోలేదు. ఎదుటివానికి ఎక్కడ నొప్పి కలుగుతుందో ముందుగా ఆలోచించి ఇచ్చాడు. సంఘాలు ఈ భాగాన్ని ఇంత తక్కువగా చదవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

'పాత బట్టకు క్రొత్త మాసిక' అనే ఉపమానాన్ని (మార్కు 2:21) వివరించుటకు అమీర్‌పేట దర్జీని మించిన వ్యాఖ్యాత లేడు. జాకెట్టు గుడ్డ ఇచ్చినప్పుడు ఆయన మొదట అడిగేది అస్తరును నానబెట్టి, ఆరబెట్టి తెచ్చారా అని. తడపని నూలుగుడ్డ మొదటి ఉతుకులో కుదించుకుపోయి, పైగుడ్డను ముడతలు పెడుతుంది, కుట్లను లాగేస్తుంది. ముక్కల దుప్పటి కుట్టేవారికి ఇది ఉపమానం కాదు, నిత్య సమస్య. నూలు ముక్క ప్రక్కన పాలియెస్టర్ ముక్కను కుడితే ఉతికినప్పుడు ఆ అతుకు ముడతలు పడవచ్చు.

మన బొంత

మిషనెరీలు రాకముందే తెలుగు ఇంటిలో బొంత ఉంది. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువులో ఈ మాట కనబడుతుంది. సంస్కృతంలో దీనినే కంథ అంటారు, బెంగాలువారి కాంతా ఆ మాట నుండే వచ్చిందని భావిస్తారు. మరాఠీవారిది గోధడి, కర్ణాటక సిద్దీలది కవంది. అతుకుల వస్త్రం వైరాగ్యానికి గుర్తుగా బౌద్ధ భిక్షువుల చీవరంలోనూ, సూఫీల ఖిర్కాలోనూ కనిపిస్తుంది. మన పల్లెలలో అది వైరాగ్యం కాదు, పొదుపు.

బొంత కుట్టే విధానం చాలామందికి తెలిసినదే. నలిగి మెత్తబడిన నూలుచీరలను నేలపై పరచి, నాలుగైదు మడతలు వేసి, అంచులు లోపలికి మడిచి, ఇద్దరు ముగ్గురు స్త్రీలు చుట్టూ కూర్చొని అంచు నుండి మధ్యకు వరుస కుట్లు వేస్తూ వస్తారు. పాతచీర అంచు నుండి లాగిన దారమే కుట్టుదారం. పసిబిడ్డ క్రింద మొదట పరచేది ఇదే. మెత్తదనం కోసం పాతగుడ్డను కోరి వాడే ఏకైక సందర్భం బహుశా ఇదేనేమో. 1970, 80 దశకాలలో నైలాన్, పాలియెస్టర్ చీరలు ఇంటింటికీ వచ్చిన తరువాత బొంతకు పనికివచ్చే పాతచీరలు తగ్గాయి. ఆ చీరలు చెమట పీల్చవు, మడతలు జారిపోతాయి. ఆ తరువాత మిల్లు దుప్పట్లు చవకగా దొరికాయి. పట్టణ సంఘాలలోని యువతులలో బొంతకుట్టు తెలిసినవారు నేడు తక్కువ.

దర్జీ ముక్కలతో కుట్టే దుప్పటి బొంతకు చెల్లెలే గాని బొంత కాదు. చీర పెద్దది, ముక్క చిన్నది. ముక్కలను ముందు ఒకదానితో ఒకటి కలిపి పైపొరను తయారుచేయాలి, దాని క్రింద అడుగుపొర కావాలి. శ్రమ ఎన్నో రెట్లు ఎక్కువ. 'ఉచితంగా వచ్చిన గుడ్డ' అనే మాటను ఈ శ్రమతో కలిపి తూచాలి.

సముద్రం దాటి వచ్చిన పెట్టెలు

పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో, అమెరికాలో సంఘస్త్రీలు వారానికొకసారి కూడి బీదలకు బట్టలు కుట్టే దొర్కా సమాజాలు వ్యాపించాయి. ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలోని డగ్లస్ పట్టణంలో, కలరా నుండి తప్పించుకొన్నందుకు కృతజ్ఞతగా 1834లో ఏర్పడిన సమాజం వాటిలో పేరుపొందినది. అంతకు ముందే లండనులోని న్యూగేటు చెరసాలలో క్వేకరు స్త్రీ ఎలిజబెత్ ఫ్రై స్త్రీ ఖైదీలకు ముక్కలకుట్టు నేర్పింది. ఆస్ట్రేలియాకు ఓడలలో పంపబడే ఖైదీ స్త్రీలకు సూదులు, దారం, గుడ్డముక్కలు ఉన్న సంచిని ఆమె స్థాపించిన స్త్రీల సంఘమువారు ఇచ్చేవారు. 1841లో 'రాజా' అనే ఓడలో ప్రయాణించిన స్త్రీలు దారిలో కుట్టిన దుప్పటి నేడు ఆస్ట్రేలియా జాతీయ కళాశాలలో భద్రంగా ఉంది. అందులో 2,815 ముక్కలున్నాయి. ఆ ముక్కలు దానంగా వచ్చినవే. అయితే దానం పొందినవారే అక్కడ కుట్టినవారు కూడా. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి, ముందు అవసరమవుతుంది.

ఈ ఉద్యమాన్ని ఎగతాళి చేసినవారూ ఉన్నారు. చార్లెస్ డికెన్స్ తన 'పిక్విక్ పేపర్స్' (1836-37)లో వెస్టిండీస్ పసిపిల్లలకు ఉన్ని లోచొక్కాలు పంపే భక్తుల సంఘాన్ని పరిహసించాడు. ఎండదేశానికి ఉన్ని! ఆ నవ్వులో న్యాయముంది. ఇచ్చేవాడు తన ఇంటి చలిని బట్టి ఇచ్చాడు.

తెలుగు దేశానికి ఈ ప్రవాహం మిషను స్త్రీల సమాజాల ద్వారా వచ్చింది. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో ప్రారంభమై నెల్లూరు, ఒంగోలుల నుండి నైజాం రాజ్యంలోని సికింద్రాబాదు, హనుమకొండ, నల్గొండలకు విస్తరించింది. 1871లో ఏర్పడిన వారి స్త్రీల మిషనెరీ సమాజము బాలికల పాఠశాలలను పోషించింది. ఆనాటి వివిధ మిషను సమాజాలవారు విదేశాలకు పంపే క్రిస్మసు పెట్టెలలో బొమ్మలు, చిత్రపు కార్డులతోపాటు కచ్చాకుట్టు వేసిన ముక్కలు కూడా ఉండేవి. అక్కడి స్త్రీలు గుడ్డను చతురస్రాలుగా కత్తిరించి, కచ్చాకుట్టుతో జతచేసి పంపితే, ఇక్కడి హాస్టలు బాలికలు వాటిపై పక్కాకుట్టు వేస్తూ కుట్టుపని నేర్చుకోవాలన్నది ఉద్దేశం. ఆ బాలికల తల్లులకు, అమ్మమ్మలకు బొంతకుట్టు వచ్చు. అమెరికా ముక్కలపై కుట్టు నేర్చుకొన్న బాలిక సెలవులకు ఇంటికి వెళ్లి తల్లి ప్రక్కన బొంత దగ్గర కూర్చున్నప్పుడు ఏమి ఆలోచించిందో వ్రాసిపెట్టినవారు లేరు.

మొదటి ప్రపంచయుద్ధకాలం తరువాత అమెరికన్ బాప్టిస్టు స్త్రీలు 'వైట్ క్రాస్' అనే పేరుతో మిషను ఆసుపత్రులకు కట్టుగుడ్డలు, పక్కబట్టలు, దుప్పట్లు సిద్ధంచేసి పంపే పనిని క్రమబద్ధం చేశారు. మెన్నొనైటు సంఘాలలో దీనికి మరొక రూపం ఉంది. రష్యా నుండి వచ్చిన అబ్రహాము ఫ్రీసెన్ 1890 నుండి నల్గొండలోనూ, 1899లో వచ్చిన అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ మిషనెరీలు హైదరాబాదు పరిసరాలలోనూ పనిచేశారు. వారిని పంపిన సంఘాల స్త్రీలు కుట్టు సమాజాలుగా కూడి, కుట్టినవాటిని వేలంవేసి, ఆ సొమ్మును మిషనులకు పంపేవారు. తెలంగాణలోని ఎన్నో బడులు, ఆసుపత్రుల వెనుక ఈ సూదుల సొమ్ము ఉంది. 1920లో ఏర్పడిన మెన్నొనైట్ సెంట్రల్ కమిటీకి, 1945లో ఏర్పడిన లూథరన్ వరల్డ్ రిలీఫ్‌కు సంఘస్త్రీలు ముక్కల దుప్పట్లు కుట్టి ఇచ్చే అలవాటు ఇరవై ఒకటవ శతాబ్దంలోనూ సాగింది.

ఆ స్త్రీల ప్రేమను తక్కువచేయుట నా ఉద్దేశం కాదు. అయితే ఈ పెట్టెలు మన సంఘస్త్రీలకు ఒక అలవాటును కూడా నేర్పాయి. ఇవ్వడం అక్కడివారి పని, పుచ్చుకోవడం ఇక్కడివారి పని అన్న అలవాటు అది. పాతబట్టల పంపిణీ రోజున వరుసలో నిలబడిన జ్ఞాపకం మన పెద్దలలో కొందరికి కృతజ్ఞతగానూ, కొందరికి సిగ్గుగానూ మిగిలింది.

పనికి గుడ్డ

ఇందుకు భిన్నమైన మార్గం కూడా మన చరిత్రలోనే ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకొని కరువుబాధితులకు కూలి ఇచ్చాడు. కూలికోసం విశ్వాసులైనారన్న మాట రాకుండా కరువు సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. అటు తరువాతనే, 1878 జూలై 3న, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. సంఖ్యను అందరూ జ్ఞాపకం ఉంచుకొన్నారు గాని, అంతకుముందు ఆయన పాటించిన నిగ్రహాన్ని తక్కువమంది జ్ఞాపకం ఉంచుకొన్నారు.

1999లో ఢిల్లీలో అంశు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ ఇదే సూత్రాన్ని గుడ్డకు వర్తింపజేసింది. ఇది క్రైస్తవ సంస్థ కాదు. గ్రామస్థులు తమ ఊరి బావినో దారినో బాగుచేసుకొంటే, అందుకు ప్రతిఫలంగా వస్త్రాలు ఇస్తారు. పనికిరాని పీలికలు సైతం వారి చేతులలో దుప్పట్లుగా, సంచులుగా, స్త్రీల నెలసరి గుడ్డలుగా మారుతాయి. గుప్తాకు 2015లో మెగసెసే పురస్కారం లభించింది.

అయితే పని ఇచ్చినంత మాత్రాన గౌరవం వస్తుందని కూడా అనుకోరాదు. గోదావరి మండలంలో మిషనెరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక నరసాపురం చుట్టూ పెద్ద ఎగుమతి వ్యాపారమైంది. ఆ స్త్రీలను కూలీలుగా కాక 'ఖాళీ సమయంలో అల్లుకొనే గృహిణులు'గా చూడడం వలన వారికి ఎంత తక్కువ ముట్టిందో మరియా మీస్ 1982లో వెలువడిన తన గ్రంథంలో వివరించింది. సంఘము కుట్టుకేంద్రం పెట్టదలచిన ప్రతి కాపరీ ఆ పుస్తకాన్ని ఒకసారి చూడాలి.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఇందుకు మరొక ఉదాహరణ ఉంది. పౌరహక్కుల పోరాటంలో పాల్గొన్నందుకు జీవనాధారం పోగొట్టుకొన్న నల్లజాతి కౌలుకుటుంబాల స్త్రీలు, ఎపిస్కోపల్ గురువు ఫ్రాన్సిస్ వాల్టర్ సహకారంతో 1966లో 'ఫ్రీడం క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం ఏర్పరచుకొన్నారు. పనిబట్టల చింపులతో తరతరాలుగా తమ పిల్లలకు కుట్టిన దుప్పట్లనే అమ్మకానికి కుట్టారు. ఆ ప్రాంతమైన గీస్ బెండ్ స్త్రీల దుప్పట్లు 2002లో హ్యూస్టను, న్యూయార్కు కళాశాలల గోడలకెక్కాయి. మన బొంతను ఏ మ్యూజియం గోడకు ఎక్కించినా ఎక్కించకపోయినా, అది ఎవరు కుట్టారో చెప్పుకొనే అలవాటు మనకు లేదు.

పరిగె

మిగిలినదానిని దేవుని పేరిట ఇవ్వవచ్చునా? ప్రథమ ఫలాలు ఇవ్వవలసినచోట కత్తిరింపులు ఇస్తామా? ఈ ఆక్షేపణ బలమైనదే. అయితే ధర్మశాస్త్రంలో మిగులుకు వేరొక స్థానం ఉంది. లేవీయకాండము 19:9-10, ద్వితీయోపదేశకాండము 24:19-22 ప్రకారం పొలము ఓరలు, మరచిపోయిన పన, పరిగె ఇవన్నీ యజమాని దయాధర్మాలు కావు. పరదేశికి, తండ్రిలేనివానికి, విధవరాలికి చెందినవి. యజమాని వాటిని ఏరి పంచిపెట్టడు, వారే వచ్చి ఏరుకొంటారు. రూతు బోయజు పొలానికి వెళ్లింది గాని బోయజు రూతు గుడిసెకు మూట పంపలేదు. అనగా మిగులు ఎవరిదన్న ప్రశ్నకు ధర్మశాస్త్రం ముందే జవాబు చెప్పింది. అమీర్‌పేట దర్జీ బల్ల క్రింది సంచిని ఈ విధంగా చూచినప్పుడు, ఆ ముక్కలు మనము ఇచ్చే కానుక కాదు. వాటికి మనము కలిపే కుట్టు మాత్రమే మన కానుక.

నిర్గమకాండము 22:26-27 కూడా ఇక్కడ చదువదగినది. కుదువ పెట్టుకొన్న పైబట్టను ప్రొద్దు గ్రుంకకముందు తిరిగి ఇచ్చివేయాలి, ఎందుకంటే రాత్రి కప్పుకొనుటకు వానికి ఉన్నది అదే. ధర్మశాస్త్రకర్త ఆర్థిక నియమం చెబుతూ పేదవాని రాత్రి నిద్రను గూర్చి ఆగి ఆలోచించాడు. ఆసుపత్రి కాలిబాట మీద ఆ వాక్యం వేరుగా వినిపిస్తుంది.

కొలతలు

ఆసుపత్రి దగ్గర పడుకొనే సహాయకులకు ఏది పనికివస్తుందో చూస్తే, పెద్ద దుప్పటి కంటే మందమైన చిన్న బొంత మేలు. పెద్దది ఉతికితే ఆరదు, ఆరబెట్టే స్థలమూ వారికి లేదు. మడిచి చంకలో పెట్టుకోగలిగినంత ఉండాలి, డిశ్చార్జి రోజున ఊరికి పట్టుకొనిపోగలగాలి. అందుకు నూలు ముక్కలను, పాలియెస్టర్ ముక్కలను ముందుగానే వేరుచేయాలి. నూలువి ఉతికి ఆరిన తరువాతే కుట్టాలి. నూలువి బొంతలకు, తక్కినవి సంచులకు.

సంచి విషయం మనము తరచుగా మరచిపోతాము. జిల్లా నుండి వచ్చిన రోగి చేతిలో పాత రిపోర్టులు, స్కానులు, మందుల చీటీలు ఉంటాయి. పలుచని ప్లాస్టిక్ సంచిలో అవి నలిగి, వానకు తడిసి, చిరిగిపోతాయి. పెద్ద ఎక్స్‌రే ఫిల్ము కొలత 14 అంగుళాలు, 17 అంగుళాలు. కనుక సంచి లోపలి కొలత 15, 18కి తగ్గరాదు. భుజానికి తగిలించుకొనే పొడవైన పట్టీ ఉండాలి, ఎందుకంటే ఒక చేయి రోగిని పట్టుకోవాలి. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులు అనేకం దేశవ్యాప్తంగా నిషేధించబడ్డాయి, అదే సంవత్సరం డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ సంచులకూ నిషేధం వచ్చింది. ఆ నిషేధాల అమలు సంగతి ఎలా ఉన్నా, గుడ్డసంచికి మళ్లీ విలువ వచ్చింది.

సంచిపై సంఘము పేరు అచ్చువేయాలా అన్న చర్చ ప్రతి స్త్రీల సమాజంలోనూ వస్తుంది. నా అభిప్రాయం వద్దనే. శస్త్రచికిత్సకు ముందురోజు ఒకరి చేతిలో మన ప్రకటన పెట్టుట తగదు. క్లౌ బాప్తిస్మాలు ఎందుకు ఆపాడో ఆలోచిస్తే చాలు.

చరిత్ర విద్యార్థులకు ఇందులో ఒక తక్షణమైన పని ఉంది. జంటనగరాలలోని పాత సంఘాలలో స్త్రీల సమాజపు మినిట్సు పుస్తకాలు, చందా పుస్తకాలు బీరువాల అడుగున ఉంటాయి. పాస్టరేట్ కమిటీ రికార్డులను భద్రపరచినంతగా వీటిని ఎవరూ భద్రపరచరు. ఏ సంవత్సరం ఎన్ని గజాల గుడ్డ కొన్నారు, ఎవరి ఇంటి మిషను వాడారు, ఎవరికి ఇచ్చారు అన్నవి వాటిలో దొరికే అవకాశముంది. అంతకంటే త్వరగా పోయేది జ్ఞాపకం. ఎనభై యేండ్లు దాటిన సంఘపు తల్లుల దగ్గర కూర్చొని మూడు ప్రశ్నలు అడగండి: బొంత కుట్టుట ఎవరి దగ్గర నేర్చుకొన్నారు, మిషను పెట్టెలో వచ్చిన గుడ్డ దేనికి వాడారు, చివరి బొంత ఎవరికి కుట్టారు. వీలైతే ఆ బొంతను ఎండలో పరచి, తిరగేసి చూడండి. అడుగుపొరలో ఏ చీర ఉందో ఆమెకే తెలుసు.